శెట్టెమ్మ క్యారేజీ

నాలుగేళ్ళుగా ఇటుక రంగు తప్ప ఇంకో రంగు చూపించని మనిషి ఒక మంగళవారం ఉన్నట్టుండి ఆకుపచ్చ చూపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది.

నా పేరు ఉస్మాన్ సాబ్. ఆదోనిలో ఒక డాక్టరు గారి దగ్గర ఇరవై రెండేళ్ళు కాంపౌండరుగా పనిచేశాను. అప్పట్లో షుగరు పరీక్ష అంటే రక్తం తీయడం కాదు, మూత్రం కాచడం. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కల మూత్రం వేసి, స్పిరిటు దీపం మీద మరిగించాలి. షుగరు లేకపోతే నీలం నీలంగానే ఉంటుంది. కొంచెం ఉంటే ఆకుపచ్చ, ఇంకా ఉంటే పసుపు, నారింజ. బాగా ముదిరితే ఇటుక రంగు. ఆ గొట్టం మనుషుల్లా అబద్ధాలు చెప్పదు, అందుకే నాకు మనుషుల కంటే అదంటే గురి.

ఆ మనిషి అలివేలమ్మ. పత్తి మండీ శేషగిరి శెట్టి గారి భార్య. యాభై రెండేళ్ళుంటాయి. ఊళ్ళో అందరూ శెట్టెమ్మ అనేవాళ్ళు. రెండు వారాలకొక మంగళవారం చిన్న సీసా కొంగు చాటున తెచ్చి నా బల్ల మీద పెట్టి, తల పక్కకు తిప్పుకునేది. నేను కాచేవాణ్ణి. "అదేనా అప్పా?" అనేది. "అదేనమ్మా" అనేవాణ్ణి. నాలుగేళ్ళలో మా మధ్య నడిచిన సంభాషణ దాదాపు అంతే.

1978 అక్టోబరులో ఆ ఆకుపచ్చ వచ్చింది. మందు చెడిపోయిందేమోనని నాదే కాచి చూసుకున్నాను, నీలం. నూనె మిల్లు గుమాస్తా బసన్న అని ఇంకో పాత ఇటుక ఉన్నాడు. ఆయనది కాచాను, ఇటుకే. మందులో ఏ దోషమూ లేదు. అంటే శెట్టెమ్మ ఇంకెవరిదో సీసాలో పోసి తెస్తోందని తేల్చుకున్నాను.

అలా అనుకోవడానికి కారణముంది. రెండేళ్ళ కిందట ఆమె కుడికంటికి పొర వచ్చింది. షుగరు దిగితే గానీ కత్తి పెట్టేది లేదన్నారు. షుగరు దిగలేదు, ఈలోగా పొర ముదిరి ఆ కన్ను కాస్తా పోయింది. ఇప్పుడు ఎడమ కంటికి మొదలైంది. మనుషులను మసక మసగ్గా, గొంతును బట్టి గుర్తుపట్టేది. ఫిబ్రవరిలో యెమ్మిగనూరులో కంటి ఆపరేషన్ల క్యాంపు ఉంది. "ఈలోగా షుగరు దిగాల. మాత్ర ఒక్కటే చాలదు, నోరు కట్టుకోవాల, రోజూ రెండు మైళ్ళు నడవాల. లేదంటే ఈ కన్నూ దక్కదు" అని జులైలోనే డాక్టరు గారు చెప్పేశారు. మిగిలిన ఒక్క కన్ను కోసం మనిషి సీసా మార్చినా మారుస్తుంది. అలా దొంగ నీలం చూపించి కోయించుకుంటే పుండు మానక ఆ కన్నూ పోతుంది. అదీ నా భయం.

పైగా ఆమె నడవదని ఊరంతటికీ తెలుసు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు గానీ, శెట్టి గారింట్లో కూర్చుని తింటే కొండ పెరిగింది. ఈ మాట నేనే ఒకసారి నోరు జారి అన్నాను, ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఎందుకంటే ఆమె పుట్టింది నందవరంలో. పెళ్ళికి ముందు పొద్దున్నే ఆరు బిందెలు మోసి, పొలానికి కూడు తీసుకుపోయి వచ్చిన మనిషి. మైళ్ళ దూరాన సి.బెళగల్‌లో ఉన్న మేనత్త ఇంటికి కూడా నడిచే పోయేదట. ఆదోని కోడలయ్యాక కూడా మొదట్లో తిరగలి ఆమెదే, రోలు ఆమెదే. మండీ పెరిగింది. ఇంట్లోకి కొళాయి వచ్చి బిందె దిగింది, వీధిలోకి పిండిమర వచ్చి తిరగలి మూలకు చేరింది. బజారుకు నడిచిపోతే శెట్టి గారి పరువు పోతుందని వాకిట్లోకి జట్కా వచ్చింది. చేతిలో పని ఒక్కొక్కటే ఎవరో వచ్చి గౌరవంగా తీసుకుపోయారు. ఇరవై ఏళ్ళకు ఆమెకు మిగిలింది మంచం నుంచి పీట దాకా, పీట నుంచి మంచం దాకా.

డాక్టరు చెప్పాక ఆమె ప్రయత్నించకపోలేదు. ఆగస్టులో ఒక తెల్లవారుజామున లేచి, ఒట్టి చేతులతో వీధిలోకి వచ్చి, ఊరి బయటికి గబగబా నడిచింది. జట్కా గిడ్డయ్య ఎదురొచ్చాడు. ఈ గిడ్డయ్యే ఆ ఇంటికి ఎప్పుడూ బండి కట్టేది.

"యాడికి శెట్టెమ్మా?"

"యాడికీ లేదప్పా. ఊరికే."

గిడ్డయ్య గుండె జారిపోయింది. మా ఊళ్ళో పనుండి పోయేవాళ్ళు పని చెబుతారు. చెప్పుకోలేని పని ఉన్నవాళ్ళే ఊరికే అంటారు. చేతిలో సంచి లేదు, పక్కన మనిషి లేదు, ఆ దారి కొసన చూస్తే పాత దిగుడుబావి. గిడ్డయ్య బండిని అడ్డంగా తిప్పి, దూకి, ఆమె కాళ్ళ మీద పడ్డాడు. "పిల్లలున్నోళ్ళు, అట్ల సేసుకోకండమ్మా. ఏమన్నా ఉంటే కూసోని మాట్లాడుకోవాల" అని ఏడ్చాడు. ఆమె ఎంత చెప్పినా వినకుండా బండెక్కించి ఇంటికి తోలాడు. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. బండి వీధి మలుపు తిరిగేసరికే జనం వాకిళ్ళలో ఉన్నారు. శెట్టి గారు ఆ రోజు మండీకి పోలేదు. భార్య ముందు కూర్చుని, "నీకు నేనేం తక్కువ సేసినా? అదన్నా సెప్పు" అని సాయంత్రం దాకా అడుగుతూనే ఉన్నారు.

తర్వాత గుడిలో ప్రదక్షిణలు మొదలుపెట్టింది. రోజూ అన్నేసి ప్రదక్షిణలు చేస్తుంటే గుడికొచ్చేవాళ్ళు ఏం మొక్కని అడిగారు, ఏమీ లేదంటే నమ్మలేదు. కోడలికి కడుపు పండలేదని అత్త మొక్కుకుందని వాళ్ళే తేల్చారు. పెళ్ళయి ఏడాదైనా కాని ఆ పిల్ల ఏడ్చి పుట్టింటికి పోయింది. గుడి మానేసి మిద్దె మీద తిరిగింది. పాతకాలపు మట్టిమిద్దె. పైన ఆమె అడుగు వేస్తే కింద వంటింట్లో పప్పులో మట్టి రాలింది. ఆమె అత్తగారు సుబ్బలక్ష్మమ్మ, డెబ్భై ఆరేళ్ళ పెద్దావిడ, గిన్నె పట్టుకుని నడివాకిట్లో నిలబడి పైకి చూసి అరిచిందట. అక్కడితో నడక కథ ముగిసిందని నేనూ అనుకున్నాను.

అలాంటిది అక్టోబరులో ఆకుపచ్చ.

"ఏం చేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఏముంది అప్పా, దేవుని దయ" అంది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి బిగించింది.

దేవుడి దయ గొట్టంలో ఏ రంగు చూపిస్తుందో నాకు ఎవరూ నేర్పలేదు. రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఇతరుల సంగతి నీకెందుకురా అని మా అమ్మ మరియంబీ నన్ను చిన్నప్పటి నుంచీ తిడుతూనే ఉంది, ఆ జబ్బుకు మా డిస్పెన్సరీలో మందు లేదు. చివరికి గిడ్డయ్యను పట్టుకున్నాను.

"నీకు తెలీదా సాబన్నా? ఆయమ్మ రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకొని పెద్దాసుపత్రికి పోతాంది. సుట్టమెవరో మంచంలో ఉండాడంట. బండెక్కు తల్లీ అంటే, రోగికి మొక్కుకున్యాను నడిసే పోవాల అన్యాది. మహాతల్లి."

పెద్దాసుపత్రిలో వార్డుబాయి ఉచ్చీరప్ప నాకు స్నేహితుడు. కనుక్కోమన్నాను. మగ వార్డులో గానీ ఆడ వార్డులో గానీ శెట్టి గారి చుట్టం అన్నవాళ్ళు ఒక్కరూ లేరని చెప్పాడు. ఇంతకీ ఈ క్యారేజీ ఎవరికి? పెద్దింటి ఆడమనిషి రహస్యంగా రోజూ ఎవరికి అన్నం పెడుతోంది? నా బుర్ర ఎక్కడెక్కడికి పోయిందో ఇక్కడ రాయను.

మరునాడు పొద్దున్నే ఆమె వెనకే బయల్దేరాను. ఎదురైన వాళ్ళెవరూ ఆమెను యాడికి అని అడగలేదు. కొందరు పక్కకు తప్పుకుని దారి కూడా ఇచ్చారు. నాలుగు గిన్నెల పెద్ద క్యారేజీ, చెయ్యి ఊపుతూ మంచి వేగంగా నడుస్తోంది. అప్పుడు నా చెవికి ఒకటి తగిలింది. క్యారేజీ గలగలమంటోంది. నిండుకుండ తొణకదు, నిండు క్యారేజీ మోగదు.

ఆసుపత్రి గేటు దాకా పోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. గేటు స్తంభం మీద చెయ్యి ఆనించి, కాసేపు ఊపిరి తీసుకుని, వెనక్కి తిరిగింది. టీ బంకు పక్కన నిలబడ్డ నాకు ఎదురుగా వచ్చింది. మసక కన్నుకు నేను ఆనలేదు.

"శెట్టెమ్మా, నేను ఉస్మాన్‌ని" అన్నాను.

ఆమె క్యారేజీని రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. తర్వాత మెల్లగా, "ఎవరికీ సెప్పొద్దప్పా" అంది. "మా అత్త ఇచ్చిన ఉపాయమిది. ఒట్టి చేతులతో పోతే ఊరంతా అడుగుతాది, చేతిలో క్యారేజీ ఉంటే యా నా కొడుకూ అడగడు అన్యాది. ఇంటి కాడ్నించి ఈడికి మైలు. పోయి రాను రెండు మైళ్ళు. డాక్టరు సెప్పిన లెక్క."

"మరి సీసా?"

"సీసాకేమి?" అంది. అర్థమయ్యాక నవ్వింది, నడిరోడ్డు మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నాది కాదనుకున్యావా?"

సిగ్గేసింది, సంతోషమూ వేసింది. పెద్ద పెద్ద చదువుల వాళ్ళు చెప్పినా పని జరగలేదు, వంటింట్లోంచి ముసలావిడ ఇచ్చిన ఖాళీ గిన్నెలతో జరిగింది. నోరు మూసుకుంటానని మాటిచ్చాను. నా బతుకులో దాచిన రహస్యం అదొక్కటే.

నవంబరంతా ఆకుపచ్చ నిలబడింది. డిసెంబరు మధ్యలో పసుపు వచ్చింది. అది చూసి కలవరపడి, మరుసటి వారమే సీసా తెమ్మన్నాను. నారింజ వచ్చింది. అడిగితే సీసా తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం వాళ్ళింటికే పోయాను. అరుగు మీద సుబ్బలక్ష్మమ్మ, అలివేలమ్మ ఇద్దరూ ఉన్నారు.

"నడక మానేసినావా తల్లీ?" అన్నాను. కోపంలో నువ్వు అని వచ్చేసింది.

అలివేలమ్మ అప్పుడు చెప్పింది. ఆసుపత్రి గేటు దగ్గర ఒక మనిషి రోజూ కూర్చుని ఉండేదట. మాధవరం నుంచి వచ్చిన లాలాబీ. భర్త ఇమాం సాబ్ బండి మీద నుంచి పడి తొడ ఎముక విరిగితే కాలికి బరువులు కట్టి పడుకోబెట్టారు. రోగికి రొట్టె, పాలు ఇస్తారు, తోడున్న మనిషికి ఎవరిస్తారు? ఒక రోజు లాలాబీ లేచి వచ్చి, "అమ్మా, మీ వాళ్ళు తిన్యాక ఒక ముద్ద మిగిల్తే పెట్టమ్మా" అంది.

"నేనేమన్నానో తెలుసునా? అయిపోయింది అన్యాను. ఇంకా లోపలికే పోల్యా కదమ్మా అన్యాది ఆయమ్మ." అలివేలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నాకు సెమటలు పట్టినాయి. రిక్షా ఎక్కి వచ్చేసినాను. ఆకలిగొన్నోళ్ళ ముందర రోజూ ఖాళీ గిన్నెలు ఊపుకుంటా తిరిగినాను. ఉండి పెట్టని దాన్ననుకున్యాది ఆ మనిషి. మళ్ళీ ఏ ముఖం పెట్టుకొని పోవాలప్పా? కన్ను పోతే పోనీ."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముఖం సంగతి తర్వాత, ముందు కన్ను సంగతి చూడండి. క్యాంపుకు ఆరు వారాలుంది. మీ ఇంట్లో అన్నానికి కరువా? నింపుకొని పోతే మీ సొమ్మేం పోయింది?" అన్నాను. అరిచాననే చెప్పాలి.

ఆమె అత్తగారి వైపు చూసింది. నాకు అప్పుడు గుర్తొచ్చింది. సుబ్బలక్ష్మమ్మది మడి వంట. ఆసుపత్రి గాలి తగిలిన గిన్నె ఆ వంటింట్లోకి రాదు. అందుకే ఖాళీ క్యారేజీ ఉపాయం అంత ఖాళీగా పుట్టింది. పెద్దావిడ లేచి లోపలికి పోయింది. నేనూ వచ్చేశాను.

మరునాడు పొద్దున అరుగు మీద క్యారేజీ సిద్ధంగా ఉందట. జొన్నరొట్టెలు, పప్పు, చెనిక్కాయల పొడి, మజ్జిగన్నం. "గడప దాటి లోపలికి తేవద్దు. అరుగు మీదే కడిగి ఆడే బోర్లించు" అని మాత్రం చెప్పిందట అత్తగారు. అలివేలమ్మ పోయింది. లాలాబీ చేతికి క్యారేజీ ఇచ్చి, తల ఎత్తకుండా నిలబడింది. లాలాబీ తీసుకుంది. ఆ తర్వాత రోజూ ఇవ్వడం, పుచ్చుకోవడం. "తెచ్చినా", "సరేమ్మా" తప్ప మాట లేదు. లాలాబీ ముఖం ఎలా ఉంటుందో కూడా అలివేలమ్మకు తెలియదు. ఆమెకు కనిపించేది మసగ్గా ఒక ఆకుపచ్చ చీర.

నిండు క్యారేజీ బరువు. మొదట్లో చెయ్యి మార్చుకుంటూ, ఆగుతూ, ఆయాసపడుతూ నడిచింది. పోయేటప్పుడు చప్పుడు లేదు, వచ్చేటప్పుడే గలగల. జనవరి ఆఖరు మంగళవారం సీసా తెచ్చి బల్ల మీద పెట్టి తల పక్కకు తిప్పుకుంది. కాచాను. మరిగింది. ఇంకాస్త మరిగించాను. రంగు మారలేదు.

"అదేనా అప్పా?"

"అది కాదమ్మా" అన్నాను. "నీలం."

ఆమె గొట్టం వైపు తిరిగి కన్ను చికిలించి చూసింది. నీలమో నలుపో ఆమెకు తెలిసి ఉండదు. నాకు మాత్రం కళ్ళ నీళ్ళు వచ్చాయి, స్పిరిటు పొగ అన్నాను.

ఫిబ్రవరి మొదటి వారంలో యెమ్మిగనూరు క్యాంపులో ఆపరేషను అయింది. అక్కడ కూడా కాచి చూశారు, అక్కడా నీలమే. కట్టు విప్పాక సోడాబుడ్డి అద్దాలు ఇచ్చి, నలభై రోజులు బరువు ఎత్తొద్దు, వంగొద్దు, ఏడవొద్దు అన్నారు. మరి క్యారేజీ? శెట్టి గారు జట్కాలో పంపిద్దామన్నారు. "కుదుపుకు పప్పు ఒలుకుతాది, నువ్వే నడిసి ఇచ్చి రా" అంది వాళ్ళమ్మ. పత్తి మండీ శేషగిరి శెట్టి నలభై రోజులు క్యారేజీ పట్టుకుని ఆదోని వీధుల్లో నడిచారు. ఎవరైనా చూస్తే బాగుండునన్నట్టు నడిచారు. ఆ నెలన్నరలో ఆయన బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది.

మార్చి మధ్యలో గడువు ముగిసింది. మొదటి రోజు తోడు రమ్మని అలివేలమ్మ నన్ను పిలిచింది. క్యారేజీ తానే పట్టుకుంది. గేటు దగ్గర ఆగి అద్దాల్లోంచి అటూ ఇటూ వెతికింది. ఆకుపచ్చ చీర లేదు. పక్కన నీలం చీరలో ఒక సన్నటి మనిషి నిలబడి నవ్వుతోంది. అలివేలమ్మకు ఆనవాలు దొరకలేదు.

"నేనేనమ్మా, లాలాబీని. కన్ను బాగయిందంట కదా, శెట్టెప్ప సెప్పినాడు. రేపు మమ్మల్ని కూడా ఇంటికి పంపుతాండారు."

ఆ గొంతు వినగానే అలివేలమ్మ క్యారేజీ కింద పెట్టేసింది. మూడు నెలలుగా మింగుకున్న మాట బయటికి వచ్చింది. "లాలాబీ, ఆ పొద్దు నువ్వు అడిగినప్పుడు నేను లేదన్యా కదా. దాచుకోని లేదన్లేదు. దాంట్లో నిజంగా ఏమీ లేకుండె. ఖాళీది."

"తెలుసమ్మా" అంది లాలాబీ.

మేమిద్దరం ఆమె ముఖం చూశాం.

"ఆకలయ్యేటోళ్ళకు ఖాళీ గిన్నె సప్పుడు తెలీదా? పది పొద్దులు ఇన్నాను. గేటు దాకా వస్తావు, లోపలికి రావు, కాసేపు నిలబడి ఎనక్కి పోతావు. ఈయమ్మకు ఎవరో ఈ ఆసుపత్రిలోనే పోయింటారు, పోయినా మరుపు రాక ఖాళీ క్యారేజీ మోసుకోని వస్తాండాది అనుకొన్యా. ఎట్ల మాట్లాడిచ్చాలో తెలీల్యా. అన్నం అడిగితే మూత తీస్తావు, తీస్తే ఏడుస్తావు, ఏడిస్తే బాధ దిగిపోతాది అనుకోని అడిగినాను." కొంచెం ఆగి, "ఆకలి కూడా అయితాండె, అబద్ధమెందుకు" అంది.

అలివేలమ్మ అద్దాలు తీసేసింది. ఏడవొద్దన్నారని గుర్తు చేద్దామనుకున్నాను, గడువు ముగిసింది కదా అని ఊరుకున్నాను.

"నాకెవరూ పోలేదు లాలాబీ. కన్ను పోకూడదని మోసినాను" అంది.

"అయితే మంచిదే" అని లాలాబీ క్యారేజీ అందుకుని, అక్కడే మెట్టు మీద కూర్చుని మూతలు తీసింది. ఈసారి అలివేలమ్మ కూడా పక్కన కూర్చుంది.